రాచకొండ రాజు రాసిన టీక

రాచకొండ అంటే ఇవాళ ముందు గుర్తొచ్చేది పోలీసు కమిషనరేట్. 2016లో ఆ పేరు పెట్టిన దగ్గర్నుంచి అది నేరవార్తల్లో నలిగే మాటైంది. సంస్థాన్ నారాయణపురం దగ్గరి గుట్టల్లో, బండల మీద బండలు పేర్చి కట్టిన ఆ కోటను ఏలుతూ సంగీతశాస్త్రానికి టీక రాసిన రాజు ఒకడున్నాడని పాత నల్లగొండ జిల్లావాళ్లలోనే ఎందరికి తెలుసు? 1982లో పారిస్‌లో మొదలైన సంగీత దినోత్సవం జూన్ 21న మన ఊళ్లలోనూ జరుగుతోంది. ఆ రోజు పాడేవాళ్లను తలుచుకోవడం ఎటూ ఉన్నదే. ఈసారి పాట మంచిచెడ్డలు రాసినవాణ్ణి తలుచుకుందాం.

రేచర్ల సింగభూపాలుడు అనపోతానాయకుడి కొడుకు. 14వ శతాబ్దం చివర రాచకొండను ఏలాడు. ‘సర్వజ్ఞ’ బిరుదు ఉన్నవాడు. నాట్యం మీద, రసం మీద ‘రసార్ణవసుధాకరం’ రాశాడు. శార్ఙ్గదేవుడి ‘సంగీతరత్నాకరా’నికి ‘సంగీతసుధాకరం’ అనే వ్యాఖ్య రాశాడు. ఆ మహాగ్రంథానికి ఇప్పుడు మనకు దొరికే వ్యాఖ్యల్లో ఇదే ముందుది. విజయనగరంలో కల్లినాథుడు ‘కళానిధి’ రాసింది ఆ తర్వాతి శతాబ్దంలో.

శార్ఙ్గదేవుడు ఎవరి కొలువులో ఉన్నాడో కూడా చూడాలి. దేవగిరి యాదవ రాజు సింఘణుడి కొలువులో. ఆ సింఘణుడి తండ్రి జైత్రపాలుడే కాకతి రుద్రదేవుణ్ణి యుద్ధంలో చంపాడు. రేచర్లవారు ఆ కాకతీయుల కింద ఎదిగిన సామంతులు. పాత పగల లెక్క చూసుకుంటే అది శత్రువుల ఇంటి పుస్తకం. సింగభూపాలుడు దాన్ని తెప్పించుకుని, పాత శాస్త్రకారులు మతంగుడు, దత్తిలుడు ఏమన్నారో పక్కన పెట్టి చూసుకుంటూ అర్థం చెప్పాడు. సొంత గొప్ప కోసం ఇంకో శాస్త్రం రాసుకోగల రాజు, మరొకరి మాటను విప్పి చెప్పే పనికి కూర్చున్నాడు.

ఇవన్నీ ఆస్థాన పండితుడు విశ్వేశ్వరుడు రాసి రాజు పేరు పెట్టాడనే అనుమానం పండితుల్లో ఉంది. ఉండనివ్వండి. ఎవరి చెయ్యి రాసినా, రాసింది రాచకొండలోనే కదా!

సింగభూపాలుడు వ్యాఖ్య చెప్పిన సంగీతరత్నాకరంలో మూడోది ప్రకీర్ణకాధ్యాయం. సంగీత విమర్శ చేయబోయేవాడికి అదే ఓనమాల పలక. గాయకుల దోషాలు 25 అని అందులో లెక్క కట్టారు. పళ్లు బిగబట్టి పాడేవాడు సందష్టుడు. అరిచి పాడేవాడు ఉద్ఘుష్టుడు. బెదురుతూ పాడితే భీతుడు. నోరు భయపెట్టేలా తెరిస్తే కరాళి. కళ్లు మూసుకుని పాడేవాడు నిమీలకుడు. (ఈ చివరి దోషం పట్టుకుంటే ఇవాళ్టి కచేరీల్లో సగం వేదికలు ఖాళీ అవుతాయి!) గాయకుల్లో తరగతులు అయిదు: శిక్షాకారుడు, అనుకారుడు, రసికుడు, రంజకుడు, భావకుడు. రసార్ణవసుధాకరంలో మూడు భాగాల పేర్లు రంజకోల్లాసం, రసికోల్లాసం, భావకోల్లాసం. ఆ అయిదింట్లో మూడు మాటలు ఇక్కడా వినబడటం కాకతాళీయం కాదనే మాకు అనిపిస్తుంది.

మద్రాసు అడయార్ గ్రంథాలయం సుబ్రహ్మణ్యశాస్త్రి పరిష్కరణలో 1943 నుంచి 1953 దాకా నాలుగు సంపుటాలుగా రత్నాకరాన్ని అచ్చువేసింది. పైన శ్లోకం, కింద కల్లినాథుడు, ఆ పక్కనే మన సింగభూపాలుడు. ఓరుగల్లు కాకతీయుల కొలువులో ఉన్న జాయప సేనాని ‘నృత్తరత్నావళి’ని తెలుగు చేయడానికి రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ దొరికారు. ఆ అదృష్టం జాయపకు పట్టింది.

తెలంగాణలో కవులే లేరన్న మాటకు పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి జవాబు చెప్పారు. ఆ పట్టుదల సంగీతం వైపు మళ్లలేదు. విద్వద్గద్వాల అనిపించుకున్న గద్వాల సంస్థానంలో కార్తీక, మాఘ మాసాల్లో పండితసభలు జరిగేవి. సభలో విన్నాక సంభావన. ఇప్పుడు మన పట్టణాల్లో త్యాగరాజ ఆరాధన వార్త ఎలా వస్తోంది? ముఖ్య అతిథి ఎవరు, జ్యోతి ఎవరు వెలిగించారు, శాలువా ఎవరు కప్పారు. ఏ రాగం పాడారో, తాళం ఎక్కడ జారిందో, మృదంగం ఎంత నిలబెట్టిందో ఒక్క ముక్క ఉండదు. ఒక అమ్మాయి ఆరేళ్లు నేర్చుకుని పాడిన పాటకు ఫొటో కింద పేరు ఒక్కటే మిగులుతుంది, అదీ ఒక్కోసారి తప్పు. ఈ తప్పులో మా వాటా మాకుంది.

అందుకని పాఠకులకు ఒక విన్నపం. సూర్యాపేటలోనో, వనపర్తిలోనో, దేవరకొండలోనో ఈ ఏడు మీరు విన్న కచేరీ గురించి ఒక పేజీ రాసి పంపండి. ఏం పాడారు, ఎలా పాడారు, మీకు ఎక్కడ నచ్చలేదు, ఎందుకు. వేస్తాం. శాలువాల జాబితా మాత్రం పంపకండి.