బందా దీవుల లెక్క

2022 ఫిబ్రవరిలో నెదర్లాండ్సు ప్రధాని మార్క్ రుట్టె, 1945–49 సంవత్సరముల నడుమ ఇండొనీషియాలో తమ సైన్యములు గావించిన దౌర్జన్యమునకు క్షమాపణ చెప్పెను. 2023 జూలై 1వ తేదీన ఆ దేశపు రాజు విలెమ్ అలెగ్జాండరు తమవారి బానిసవర్తకమునకై క్షమాపణ వేడెను. పశ్చాత్తాపమును పరిహసించుట మా మతము కాదు. అధికారమున నున్నవారి నోట ఆ మాట వెలువడుట యరుదు, వెలువడినపుడు గౌరవింపవలసినదే. కాని ఆ దౌర్జన్యమునకును, ఆ బానిసత్వమునకును వెనుక 1621వ సంవత్సరపు కథ యొకటి కలదు. యూరపుజాతులు తూర్పుదేశముల నెట్లాక్రమించెనో తెలిసికొనగోరువారు ప్లాసీయుద్ధముతో గాక ఈ కథతో నారంభించుట మేలని మా యభిప్రాయము.

జావాకు దూరముగా తూర్పుసముద్రమున చిటికెడంత దీవులు కొన్ని కలవు. వానికి బందా యని పేరు. మన తాంబూలములోని జాపత్రియు, పసిబిడ్డలకు అవ్వలు అరగదీసి నాకించు జాజికాయయు పూర్వము ఈ దీవులనుండి రావలసినవే. పదునెనిమిదవ శతాబ్ది తుదివరకు లోకమునకు వేరుచోట దొరకుట దుర్లభము. అక్కడ రాజు లేడు. ఒరాంగ్ కాయ లనబడు పెద్దలు గ్రామవ్యవహారములు నడపుకొనుచు, వచ్చిన వర్తకునకెల్ల సరకు అమ్ముకొనుచుండిరి. ఇట్లు అందరికి నమ్ముటయే పిమ్మట వారి నేరమయ్యెను.

డచ్చి ఈస్టిండియా కంపెనీకి 1602లో లభించిన పట్టాలో కోటలు కట్టుటకు, సంధులు చేసికొనుటకు, యుద్ధము సాగించుటకు గూడ అధికార మీయబడెను. త్రాసు పట్టినవాని చేతికే కత్తియు నిచ్చిరన్నమాట. జాజికాయ యంతయు తమకే యమ్మవలెనని బందా పెద్దలలో కొందరిచేత కాగితములు వ్రాయించుకొనిరి. కొందరి సంతకములు అందరిని బంధించునా యని విచారించినవారు లేరు. దీవులవారికి కావలసినది బియ్యము, బట్ట. ఆ యుష్ణదేశమున డచ్చివారి ఉన్నిగుడ్డ నడుగువా డెవడు? కావలసిన నూలుబట్ట మన తీరమున దొరకును గనుకనే కంపెనీవారు 1605–06లలో మచిలీపట్టణమునను, నిజాంపట్టణమునను కొఠీలు పెట్టిరి. కృష్ణామండలపు సాలెవాడు నేసిన బట్ట మసాలాదీవులలో మారకపు నాణె మయ్యెను. అది యే వ్యాపారమునకు పెట్టుబడి యగుచున్నదో పాప మా సాలెవా డెరుగడు.

1609లో అడ్మిరల్ వెర్‌హూవెన్ బందా నైరా దీవియందు కోటకు పునాది వేయింపగా, దీవులవారు అతనిని, కొందరు అనుచరులను మాటలాడుటకు పిలిచి చంపిరి. ఇది ద్రోహమే, కాదని మేము వాదింపము. అయితే దానికి జరిగిన ప్రతీకార మెట్టిదో చూడుడు. వర్తకము యుద్ధము లేక సాగదనియు, యుద్ధము వర్తకము లేక సాగదనియు 1614లోనే తన యజమానులకు వ్రాసిన యాన్ పీటర్సూన్ కూన్ 1621లో గవర్నరు జనరలుగా నౌకాదళముతో బందాపై దిగెను. మే నెలలో నలువదినలుగురు పెద్దలను కోటయొద్ద జపానుకూలిభటుల కత్తులకు బలియిచ్చిరి. కొండలకు పారిపోయినవారు ఆకటిచేతను, రోగములచేతను మడిసిరి. కొన్నివందలమందిని ఓడల కెక్కించి బటేవియాకు పంపిరి. దాదాపు 15,000 జనములో దీవులలో మిగిలినవారు వేయికి మించరని చరిత్రకారుల యంచనా. కంపెనీ డైరెక్టర్లు కూన్ కాఠిన్యమునకు కొంచెము నొచ్చుకొని, 3,000 గిల్డర్ల బహుమాన మిచ్చిరి!

మనుష్యులు లేని తోటలను భాగములుగా కోసి, నిర్ణయించిన ధరకు పంట కంపెనీకే అమ్మవలెనను షరతుతో యూరపువారికి కౌలిచ్చిరి. పని చేయుటకు బానిసలను తెచ్చిరి. భూమి పుట్రగలిగిన మా పాఠకులకు, తోటను తోటవానినుండి వేరుచేయుట యననేమో విప్పి చెప్పనక్కరలేదు. ఆ శతాబ్దమున మన తీరమున కఱవు వచ్చినపుడెల్ల, తమ్మును తమ బిడ్డలను అమ్ముకొన్నవారిని పులికాటు మొదలగు రేవులనుండి డచ్చి ఓడలు బటేవియాకు మోసెను. బట్టతోబాటు నేసినవాని జాతియు ఎగుమతి సరకయ్యెను.

ఇక ఇంగ్లీషువారి సంగతి. 1623లో అంబోయినాలో డచ్చివారు పదిమంది ఆంగ్లేయులను కుట్రదారులని చిత్రహింసలు పెట్టి తలలు నరికిరి. వారితో కొందరు జపానీయులును, ఒక పోర్చుగీసువాడును చచ్చిరి. ఇంగ్లండు అట్టుడికెను. ముప్పదియేండ్లు మరువక, 1654 సంధి ననుసరించి మృతుల వారసులకు 3,615 పౌనులు ఇప్పించుకొనెను. 1673లో డ్రైడను మహాకవి దానిపై నాటకమే వ్రాసెను. అన్యాయముగా చచ్చినవారికి న్యాయము కోరుట తప్పు కాదు. కాని రెండేండ్లు ముందుగా ప్రక్కదీవులలో ఒక జాతియే తుడిచిపెట్టుకొని పోయినదే, దానికై పౌనెవ్వ డడిగెను? 1667లో బ్రెడా సంధియందు బందాలోని రన్ దీవి డచ్చివారికిని, అమెరికాలోని మన్హాటన్ ఇంగ్లీషువారికిని స్థిరపడెను. పరుల సొత్తును పరు లిరువురు మార్చుకొనిరి.

ఈ లెక్క యిచట ముగియలేదు. 1936 మొదలు 1942 వరకు డచ్చిప్రభుత్వము మహమ్మదు హట్టాను, సుతాన్ శారిర్‌ను ఆ బందా నైరాలోనే ప్రవాసమునం దుంచెను. శారిర్ స్వతంత్ర ఇండొనీషియాకు మొదటి ప్రధాని యయ్యెను. హట్టా 1949లో హేగు నగరపు రౌండుటేబిలు సభకు తమ దేశపు ప్రతినిధివర్గనాయకుడుగా పోయెను. అచట స్వాతంత్ర్యముతోబాటు ఆ దేశము తలకెత్తుకొనవలసి వచ్చిన దేమి? డచ్చి వలసప్రభుత్వపు అప్పులు, సుమారు 430 కోట్ల గిల్డర్లు. కొన్నియేండ్లు తీర్చి, 1956లో ఇండొనీషియా ఆ యొడంబడికను రద్దుపరచెను. ఆ అప్పుపత్రమున బందా పేరిట జమ యేమియు లేదు.

వారసులు లేరని చెప్పుటకును వీలులేదు. 1621లో పడవలెక్కి తప్పించుకొన్నవారి సంతతి కేయి దీవులలోని బందా ఏలి, బందా ఏలాట్ గ్రామములలో నున్నారు. బందా దీవులలో మాసిపోయిన బందా భాష వారి యిండ్లలో నేటికిని వినబడుచున్నది.