కళ్యాణదుర్గంలో గెలుపు, పెనుకొండలో ఓటమి

ఎన్. రఘువీరారెడ్డిది మడకశిర దగ్గర నీలకంఠాపురం. 2004లో వైఎస్ ప్రభుత్వంలో వ్యవసాయ మంత్రి అయ్యారు. రైతులకు ఉచిత కరెంటు ఇచ్చింది ఆ ప్రభుత్వమే. బోర్ల మీద బతికే మన ప్రాంతానికి అది చిన్న మార్పేం కాదు. బోరులో నీళ్లుండాలి కదా అంటారా, అది వేరే లెక్క.

పునర్విభజనలో మడకశిర ఎస్సీ రిజర్వు కావడంతో 2009లో కళ్యాణదుర్గం వచ్చి గెలిచారు. తర్వాత రెవెన్యూ మంత్రి కూడా అయ్యారు. కానీ 2014లో పెనుకొండ వెళ్లి ఓడారు. విభజన కోపంలో కాంగ్రెస్ ఎక్కడ నిలబడినా అంతే అనుకోండి. 2019లో తిరిగొస్తే ఇక్కడా గెలిపించలేదు.

ఆ 2019లో ఇక్కడ గెలిచింది వైసీపీ నుంచి ఉషశ్రీ చరణ్. 2022లో ఆమె మంత్రి అయ్యారు. 2024లో పార్టీ ఆమెనూ పెనుకొండకే పంపింది. ఆమె కూడా ఓడారు.

పార్టీలు వేరు, పద్ధతి ఒకటే. ఐదేళ్ల లెక్క అడగాల్సిన ఓటరు ఇక్కడ, చెప్పాల్సిన మంత్రి అక్కడ. ఓడినదానికంటే నాకు ఇదే పెద్ద నష్టం అనిపిస్తుంది. పని కోసం బెంగళూరు బస్సెక్కే మన ఇళ్ల పిల్లలకు ఎవరు జవాబు చెప్పాలి?

ఇప్పుడు ఎమ్మెల్యే టీడీపీకి చెందిన అమిలినేని సురేంద్రబాబు. జీడిపల్లి నుంచి భైరవానితిప్పకు కృష్ణా నీళ్ల సంగతి 2029లో ఆయన్ను ఇక్కడే, మన వీధిలోనే అడిగే వీలుండాలి.