దర్జీ సూది, దైవకృప

జీగెన్‌కు సమీపంలోని గ్రుండ్ గ్రామంలో 1740లో పుట్టిన యోహాన్ హైన్‌రిష్ యుంగ్‌ది పేద కుటుంబం. తాత అడవిలో బొగ్గులు కాల్చేవాడు. తండ్రి దర్జీ, బడిపంతులు. కొడుకూ ఆ రెండు పనులే చేశాడు. బడి ఉద్యోగం పోయిన ప్రతిసారీ తిరిగి సూది పట్టాడు. ముప్పయ్యో ఏట స్ట్రాస్‌బుర్గ్‌లో వైద్యవిద్యకు చేరి, శుక్లాల శస్త్రచికిత్సలో పేరు పొంది, చివరకు ఆచార్యపదవి అందుకున్నాడు. విద్యార్థి దశలో మిత్రుడైన గేథే చొరవతో 1777లో అచ్చయిన అతని స్వీయకథ తొలిభాగం, ‘హైన్‌రిష్ స్టిల్లింగ్ బాల్యం’, నేటికీ మనసుకు హత్తుకునే రచన.

తగవంతా తరువాతి భాగాలతోనే. బాల్యకథలో మనుషులున్నారు. యువకుడు పైకెక్కే కొద్దీ మనుషులు పలచబడి, విధాత ఒక్కడే మిగులుతాడు. అప్పు పుడితే దైవకృప, కొలువు దొరికితే దైవసంకల్పం. ఇచ్చిన చేతులకంటే పంపించిన దేవుడే పెద్దగా కనిపిస్తాడు. ఈ ధోరణి గేథేకే రుచించలేదు.

భక్తుడి వినయాన్ని శంకించడం అన్యాయమని కొందరనవచ్చు. 1775లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగినదాన్ని వారు మళ్ళీ చదవాలి. ఒక సంపన్న వృద్ధుడికి అతడు చేసిన శస్త్రచికిత్స విఫలమైంది; రెండు కళ్ళూ పోయాయి. అది ధనాశకు పడిన శిక్ష కాదు. సూక్ష్మక్రిముల సంగతి తెలియని ఆ కాలంలో ఎంతటి నిపుణుడికైనా జరగగలిగేదే. కానీ ఆ ప్రకరణమంతా వైద్యుడి వేదన చుట్టూనే తిరుగుతుంది. చూపు పోయిన మనిషి, చూపు తెప్పించలేకపోయిన మనిషి కథలో ఒక పరీక్షాఘట్టమై ఊరుకుంటాడు.

పేదవాడు ఎదగాలనుకోవడం తప్పు కాదు. సూది విడిచి శస్త్రం పట్టాలన్న కోరికను హేళన చేసే హక్కు, కడుపు నిండినవారికి అసలే లేదు. అయితే ధనకాంక్ష, హోదాకాంక్ష యువకుణ్ణి మొదట మార్చేది నడతలో కాదు, తన గురించి తాను చెప్పుకునే మాటలో. ‘నాకు కావాలి’ అనవలసినవాడు ‘నాకు రాసిపెట్టి ఉంది’ అంటాడు. కోరికను ఒప్పుకున్నవాడికి దాని హద్దు ఎక్కడో తెలుస్తుంది. దానికి దేవుడి పేరు పెట్టినవాడికి హద్దే ఉండదు.

తెలుగునాట ఆ పేరు ‘సేవ’. ర్యాంకు వచ్చిన మర్నాడు పేదలకు సేవ చేస్తానని చెప్పే పిల్లవాడికి ఆ మాట నేర్పినది పెద్దలే. కట్నం లెక్క కట్టేదీ, పల్లె ఆసుపత్రికి వెళ్ళవద్దనేదీ వారే. ఆ పిల్లవాడికి కాంక్ష నేర్పినందుకు కాదు, దాన్ని దాచే భాష నేర్పినందుకు వారిని నిలదీయాలి.