మోటుపల్లిలో ఒక గంట

విహారయాత్రలో బస్సు గంటసేపు ఆగితే మనం చేసేదేమిటి? టీ తాగి, ఫోటోలు దిగి, మళ్లీ బస్సెక్కటం! పాత ప్రకాశం జిల్లా మోటుపల్లిలో నేనూ అంతే చేసేవాణ్ణి. మాస్టారు వీరభద్రాలయం శాసనం చూపించి ఆపారు.

మార్కోపోలో మెచ్చిన సన్నబట్టలు ఓడలెక్కిన రేవది. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారట. సుంకం తప్ప మరేమీ తీసుకోనని 1244లో కాకతీయ గణపతిదేవుడు వర్తకులకు అభయమిచ్చాడు.

తడిసిన మిరప టిక్కీల ముందు, కొనేవాడు ఎంతంటే అంతకు తలూపిన మా నాన్న గుర్తొచ్చాడు. ఆపదలో ఉన్నవాణ్ణి దోచుకోరాదన్న మాట రాతిమీదుంటే చాలదు, కాటా దగ్గరా ఉండాలి.

మిత్రులారా! గంట చాలదనకండి. ఆ ఊరిని అడగటానికి ఒక్క ప్రశ్న వెంట తీసుకెళ్లండి, చాలు.