'కు' చేసే పనులు

తెలుగు వాక్యంలో మిక్కిలి చిన్న ప్రత్యయాలలో 'కు' ఒకటి. ఇకారం తరువాత అది 'కి' అవుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం దీనిని షష్ఠీ విభక్తిలో చేర్చింది. 'చెల్లెలికి ఇచ్చాడు' అన్నచోట అర్థం చతుర్థిది, పట్టికలో స్థానం మాత్రం షష్ఠిది! పట్టికను వల్లించిన విద్యార్థికి ప్రత్యయం పేరు తెలుస్తుంది గాని, పని తెలియదు. దానిని ప్రయోగంలోనే నేర్వాలని నా అభిప్రాయం.

'టెక్కలికి వెళ్ళాడు' అంటే గమ్యం, 'పదిగంటలకు' అంటే కాలం, 'నాకు ఆకలి వేస్తున్నది' అంటే అనుభవించే వ్యక్తి. జపాను భాషలోని 'ని' సైతం నామం తరువాతనే నిలిచి ఇటువంటి పనులెన్నో చేస్తుంది. మనం 'వారానికి ఒకసారి' అనేచోట వారు 'ఇష్షూకన్ ని ఇక్కై' అంటారు. 'వానకు తడిశాను' అనేచోట 'అమె ని నురెత' అంటారు. ఈ రెండు భాషలకు బంధుత్వం నిరూపితం కాలేదు. అయినా, జపాను భాషను నేర్వగోరే తెలుగువాడు ఈ 'ని'ని ఇంగ్లీషు ద్వారా అర్థం చేసుకోబోయి తికమకపడటం వింతయే.

కారణాన్ని తెలిపే 'కు' వద్ద మాత్రం కొంత ఆగాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటింది. 'గాలికి కొబ్బరిచెట్లు కూలాయి' అని ఉద్దానం రైతు అంటే ఆ 'కి' విషయంలో సందేహం లేదు. కారణం కళ్ళెదుటనే ఉంది. అదే ఉద్దానంలో దశాబ్దాలుగా దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ప్రబలి ఉన్నది. దానిని 'నీటికి వచ్చిన జబ్బు' అనడం సులభం. భూగర్భజలం, ఎండలో శ్రమ, పురుగుమందులు మొదలైనవాటిని పరిశోధకులు పరిశీలించారు. కారణం ఇదేనని ఇంతవరకు నిర్ధారణ కాలేదు. అందుకే 2023 డిసెంబరులో పలాసలో ఆసుపత్రితోపాటు పరిశోధన కేంద్రం కూడా ప్రారంభమైంది. పరిశోధన తేల్చని దానిని మనం ఒక్క అక్షరంతో తేల్చివేస్తున్నాము.

శుద్ధజలం కోరడం తప్పని నేననను. అది ప్రజల హక్కు. కారణం తేలేవరకు అందుకు వేచి ఉండనక్కరలేదు. కాని పత్రికలో రాసేవారు, గ్రామసభలో మాట్లాడేవారు ఆ 'కి'ని తూచి వాడాలి. 'నీటికి వచ్చిన జబ్బు' అని నమ్మిన కుటుంబం, నీరు మార్చుకున్నాము గదా అని ధైర్యపడి, క్రియాటినిన్ పరీక్షను మానుకొనే ప్రమాదమున్నది.