నోరు తెరవడం, నోరు విప్పడం

ఇంగ్లీషు ‘అన్‌టై’కి తెలుగు మాట ఏమిటని అడిగితే ఎవరైనా ‘విప్పు’ అనే అంటారు. అది తప్పు కాదు, కానీ చాలదు. సూరత్ నగరంలో పిల్లలకు తెలుగు నేర్పేటప్పుడు, తెరవడానికీ విప్పడానికీ ఉన్న తేడా పట్టించుకోవలసినది. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పని కోసం వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. లింబాయత్‌ లాంటి పేటల్లో తెలుగు వినిపిస్తుంది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. ఆ పిల్లల చెవిన పడే హిందీలో తలుపుకూ తాళానికీ ముడికీ గుండీకీ ‘ఖోల్‌నా’ ఒక్కటే సరిపోతుంది. తెలుగుకు అలా కుదరదు. తలుపు తెరుస్తాం, గడియ తీస్తాం, మేకు పీకుతాం, ముడి విప్పుతాం. మరమగ్గం బాగుచేసేవాడు నట్లు విప్పుతాడు. పడుగులో పోగులు పెనవేసుకుంటే మాత్రం చిక్కు తీస్తాడు. బిగించినదాన్నీ కట్టినదాన్నీ విప్పుతాం. అంటే అంతకుముందు ఒక కట్టు ఉందని ఆ క్రియే చెప్పేస్తుంది.

నోటి విషయంలో ఇది మరీ స్పష్టం. డాక్టరు ముందు రోగి నోరు తెరుస్తాడు. పంచాయితీలో సాక్షి నోరు విప్పుతాడు. మొదటిదానికి పెదవులు విడివడితే చాలు. రెండోదాని వెనుక భయమో, మొహమాటమో, ఎవరికో ఇచ్చిన మాటో ఉంటుంది. ‘ఆమె నోరు విప్పింది’ అని పత్రికలో రాస్తే, ఇన్నాళ్లూ ఎందుకు విప్పలేదన్న ప్రశ్న కూడా అందులోనే ఉంది. అక్కడ ‘తెరిచింది’ అని రాస్తే ఆ ప్రశ్న మాయమవుతుంది.

పాము పడగ విప్పుతుంది, నెమలి పురి విప్పుతుంది, వాటికి ముడి ఎక్కడిదని అడగవచ్చు. ముడి లేదు, కానీ ముడుచుకుని ఉన్న స్థితి ఉంది; పెట్టె మూతకు అది లేదు కనుకనే మూత విప్పం. ఇంగ్లీషులోనూ ‘అన్‌హ్యాపీ’లోని ‘అన్’, ‘అన్‌టై’లోని ‘అన్’ పుట్టుకలో వేరు. మొదటిది ‘అశాంతి’లోని సంస్కృత ‘అ’కు చుట్టం, లేమిని చెబుతుంది. రెండోది చేసిన పనిని వెనక్కి తిప్పుతుంది, జర్మన్ ‘ఎంట్’కు దగ్గరిది. అందుకే ‘అన్‌టైడ్’ అంటే కట్టనిదో, కట్టి విప్పినదో సందర్భం చూస్తే తప్ప తేలదు. తెలుగులో ఆ ఇబ్బంది లేదు.

చిన్నపిల్లలకు మాటకొక అర్థం చాలదా అనేవారున్నారు. పరీక్ష రాయడానికి చాలుతుంది, వాక్యం రాయడానికి చాలదు. ఇంట్లో అమ్మ తెలుగు, వీధిలో హిందీ, గుజరాతీ వినే పిల్లలకు పాఠాలు రాసేవారికి మా మనవి ఇది: మాట పక్కన ఒక్క అర్థం వేసి వదిలేయకండి. తలుపు, గడియ, మేకు, ముడి, నోరు, వీటి మీద ఒక్కో వాక్యం పక్కపక్కన రాసి చూపించండి.