మిద్దెలు పోయి మేడలు

నల్లమాడ ప్రాంతమున మట్టిమిద్దె లొకటొకటిగా నంతరించి సిమెంటు మేడలు లేచుచున్నవి. మిద్దెపై చవుడు పోయు శ్రమ తప్పినది; వేసవి తాపము మాత్రము తప్పలేదు. మందపు మంటిగోడ యూరక యిచ్చిన చల్లదనమును నేడు విద్యుత్తునకు వెల యిచ్చి కొనుచున్నాము. అది యట్లుండె. తాపముకంటె పునాదుల విషయమే మాకెక్కువ భయము గొల్పుచున్నది. 2021 నవంబరు వానలకు సమీపమునందలి కదిరిలో మేడ కూలి, పసిబిడ్డలతో సహా పలువురు మరణించిరి. కరవుసీమ గదా యని వానను లెక్కింపక, ఒక యంతస్తునకై వేసిన పునాదిపై అద్దెల యాశతో మఱి రెండంతస్తు లెత్తువారు పొరుగువారి ప్రాణములను పణముగా నొడ్డుచున్నారు. ప్రక్కయింటి గోడ బీటవాఱినచో మొగమాటము విడిచి పంచాయతీకి వ్రాసి యీయవలెను. పంచాయతీవారును ఇంజనీరును రప్పించి చూపింపక, ఇంటిపన్ను మాత్రము వసూలు చేసికొనుట న్యాయము గాదు.